సైడ్ ప్రాజెక్టుకు మొదటి రోజు నుంచే డబ్బు తీసుకోవాలా, ముందు ఉచితంగా ఇవ్వాలా?

సాయంత్రం_షిఫ్ట్:
ఉద్యోగం చేసుకుంటూనే, ఆఫీసు అయ్యాక ఒక చిన్న టూల్ రాశాను. బ్యాంకు స్టేట్‌మెంట్ పీడీఎఫ్ ఇస్తే తేదీ, వివరం, జమ, ఖర్చు, నిల్వ వేర్వేరు కాలమ్స్‌లో ఎక్సెల్ షీట్‌గా ఇస్తుంది. వినడానికి చిన్న పనే. కానీ వివరం రెండు లైన్లలోకి పోయినప్పుడు చాలా కన్వర్టర్లు దాన్ని రెండు లావాదేవీలుగా విడగొట్టేస్తాయి, ఇక మొత్తాలు కలవవు. నా టూల్ ప్రతి వరుసకూ నిల్వ సరిపోతోందో లేదో లెక్క చూసి, తేడా వస్తే ఆ వరుసను ఎర్రగా చూపిస్తుంది. లెక్కలు రాసే పనిలో ఉన్న తెలిసినవాళ్లు కొందరు వాడుతున్నారు, బాగుందంటున్నారు.

ఉద్యోగం మానేసే ఆలోచన లేదు. జీతానికి తోడు నెలనెలా కొంత వస్తే చాలు. ముందు ఉచితంగా ఇచ్చి, జనం అలవాటు పడ్డాక ధర పెట్టమని ఒక స్నేహితుడు అంటున్నాడు. మొదటి రోజే ధర పెట్టమని ఇంకొకరు. మీరేమంటారు? కారణంతో సహా చెప్పండి.

నిదానమే_ప్రధానం:
నేను ఉచితమే అంటాను. ఊరూ పేరూ తెలియని టూల్‌కి ఎవరు కార్డు నంబర్ ఇస్తారండీ? అందులోనూ మీరు అడిగేది బ్యాంకు స్టేట్‌మెంట్. ముందు నమ్మకం కుదరాలి, నమ్మకం కుదరాలంటే వాడి చూడాలి, వాడి చూడాలంటే అడ్డు ఉండకూడదు. వర్డిల్ అనే పదాల ఆట సంగతి చూడండి. జాష్ వార్డిల్ దాన్ని తన జీవిత భాగస్వామి కోసం చేశారు, 2021 అక్టోబరులో అందరికీ తెరిచారు. ప్రకటనలు లేవు, డబ్బు అడగలేదు. 2022 జనవరి ఆఖరుకల్లా న్యూయార్క్ టైమ్స్ కొనేసింది, అదీ పది లక్షల డాలర్లకు పైమాటే. మొదటి రోజే ధర పెట్టి ఉంటే ఆ ఆట అంతమంది దాకా చేరేదా?

బిల్లు_ముందు:
నిదానమే గారూ, వర్డిల్ ఆయన ఆదాయం కోసం చేసింది కాదు. ప్రశ్న అడిగినవారు నెలనెలా ఆదాయం కావాలంటున్నారు. ఒక పెద్ద సంస్థ వచ్చి కొనేయడాన్ని ఉదాహరణగా తీసుకుంటే, ఇంకెవరికీ అది దారి చూపదు. పైగా ఆట వేరు, పనిముట్టు వేరు. ఆట ఒకరు ఆడితే పదిమందికి చెబుతారు. స్టేట్‌మెంట్ ఎక్సెల్‌లోకి మార్చుకున్నానని ఎవరూ స్నేహితులకు మెసేజ్ పెట్టరు.

నేను ధర వైపు ఎందుకున్నానో చెబుతాను. "బాగుంది" అనడానికి ఖర్చు లేదు. మీ తెలిసినవాళ్లు నిజంగా బాగుండి అంటున్నారో, మీ మొహం చూసి అంటున్నారో మీకు తెలిసే మార్గం లేదు. డబ్బు అడిగిన రోజున తెలుస్తుంది. నా దృష్టిలో మొదటి ధర ఆదాయం కోసం కూడా కాదు, ఆ ఒక్క ప్రశ్నకు జవాబు కోసం. ఆ జవాబు ఏడాది తర్వాత వినడం కంటే మొదటి నెలలోనే వినడం మంచిది. సాయంత్రాలూ సెలవు రోజులూ పెట్టి ఫీచర్ మీద ఫీచర్ కలుపుతూ పోయాక, ధర పెట్టగానే అందరూ వెళ్లిపోతే ఆ కాలం ఎవరు తిరిగిస్తారు?

ఈ విషయంలో నాకు బాగా నచ్చిన ఉదాహరణ ప్యాట్రిక్ మెకెంజీది. జపాన్‌లో ఉద్యోగం చేస్తూ 2006లో బింగో కార్డ్ క్రియేటర్ అనే, బింగో ఆట కార్డులు తయారుచేసే చిన్న సాఫ్ట్‌వేర్ అమ్మకానికి పెట్టారు. కొనేది బడిలో చిన్నపిల్లలకు పాఠం చెప్పే టీచర్లు. మొదటి నుంచీ ధర ఉంది. అమ్మకాల లెక్కలు తన బ్లాగులో అందరికీ కనబడేలా పెట్టేవారు. 2010లో ఉద్యోగం మానేశారు. అందులో ముచ్చటైన సంగతి ఒకటుంది. ట్రయల్ ఉచితమే, కానీ 15 కార్డుల దాకానే. ఒకరిద్దరు పిల్లలతో ఇంట్లో ఆడుకోవడానికి 15 చాలు. తరగతి గదికి చాలవు. అంటే డబ్బు ఇచ్చే అవసరం ఎవరికి ఉందో సరిగ్గా వాళ్ల దగ్గరే గేటు పడుతుంది. ఉచితమా, ధరా అని మనం కొట్టుకుంటున్నాం గానీ, ఆ గేటు ఎక్కడ పెట్టాలన్నదే అసలు విషయం.

రెండో_ఇన్నింగ్స్:
బిల్లు_ముందు గారితో ఏకీభవిస్తాను. నా అనుభవం కూడా చేరుస్తాను. నేనొక చిన్న బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్‌కు కొన్నాళ్లు ఉచిత వెర్షన్, డబ్బు వెర్షన్ రెండూ నడిపాను. సపోర్ట్ మెయిల్స్‌లో ఎక్కువ భాగం ఉచితంగా వాడేవాళ్ల నుంచే వచ్చేవి, స్వరం కూడా కటువుగా ఉండేది. డబ్బు కట్టినవాళ్లు స్క్రీన్‌షాట్ పెట్టి, ఎక్కడ తప్పుతోందో చెప్పి, ఓపిగ్గా ఆగేవారు. ఉద్యోగం ఉన్నవాడికి ఉండేది సాయంత్రం కాసేపే. ఆ కాసేపు ఎవరి మెయిల్‌కి జవాబు రాయాలన్నది చిన్న విషయం కాదు.

వెబ్ వ్యాసాలను తర్వాత చదువుకోవడానికి దాచిపెట్టే ఇన్‌స్టాపేపర్ రాసిన మార్కో ఆర్మెంట్‌ది కూడా దాదాపు ఇదే మాట. టంబ్లర్ అనే బ్లాగుల సైట్‌లో ఉద్యోగం చేస్తూ 2008లో మొదలుపెట్టారు. యాప్‌కు ఉచిత వెర్షనూ, కొనే వెర్షనూ రెండూ ఉండేవి. 2011లో ఉచితమైనదాన్ని స్టోర్ నుంచి తీసేశారు. అమ్మకాలు పడిపోలేదని ఆయనే రాశారు.

నిదానమే_ప్రధానం:
ఆర్మెంట్‌ను అప్పటికే చాలామంది చదువుతున్నారు, ఆయన ఏం పెట్టినా చూసేవాళ్లున్నారు. మనకు ఎవరున్నారండీ? పేరు లేనివాళ్లకు ఉచితమే ప్రచారం. ఇంకో దారి కూడా ఉంది. ఓపెన్ సోర్స్‌గా, అంటే కోడు అందరూ చూసి వాడుకునేలా పెట్టండి, వాడేవాళ్లే విరాళం ఇస్తారు. కోడు పంచుకునే గిట్‌హబ్ సైట్‌లో విరాళాల కోసం గిట్‌హబ్ స్పాన్సర్స్ 2019 నుంచి ఉంది, వ్యక్తులు ఇచ్చే డబ్బులో గిట్‌హబ్ కమీషన్ తీసుకోదు.

బిల్లు_ముందు:
విరాళాలను ఆదాయంగా లెక్కేసుకోవద్దని గట్టిగా చెబుతాను. 2014లో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడినప్పుడు ప్రపంచానికి తెలిసిన సంగతేంటి? ఆ లోపం ఉన్నది ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీలో, ఇంటర్నెట్‌లో పెద్ద భాగం భద్రత కోసం ఆధారపడిన దానికి ఏడాదికి వచ్చే విరాళాలు సుమారు 2000 డాలర్లు. లోపం వార్తల్లోకి ఎక్కాకే పెద్ద కంపెనీలు నిధులతో ముందుకొచ్చాయి. అంతటి లైబ్రరీకే ఆ గతి అయితే పీడీఎఫ్ టూల్‌కి ఎవరిస్తారు? ఓపెన్ సోర్స్ గొప్ప పని, చేయండి. కానీ ఇంటి ఖర్చు దాని మీద పెట్టుకోకండి.

పాత_కోడు:
ధర పెట్టాలనే నేనూ అంటాను. కానీ ఎంత పెట్టాలో ఎవరూ మాట్లాడటం లేదు. కొత్తవాళ్లు భయంతో మూడు డాలర్లు పెడతారు. లెక్క చూద్దాం. ఆన్‌లైన్ చెల్లింపులు నడిపే స్ట్రైప్ కంపెనీ అమెరికాలో మామూలు కార్డు చెల్లింపుకు 2.9 శాతం, దానిమీద 30 సెంట్లు తీసుకుంటుంది. మూడు డాలర్ల మీద దాదాపు 39 సెంట్లు పోతాయి, అంటే 13 శాతం. అదే 30 డాలర్ల మీద ఒక డాలరు 17 సెంట్లు, నాలుగు శాతం కూడా కాదు. చిన్న ధరను ఆ 30 సెంట్లే తినేస్తాయి.

మొబైల్ యాప్ చేస్తే వేరే లెక్క. ఏడాదికి పది లక్షల డాలర్ల లోపు వచ్చేవాళ్లకు యాపిల్, గూగుల్ రెండూ 2021లో 15 శాతం కమీషన్ రేటు తెచ్చాయి. యాపిల్ డెవలపర్ ఖాతాకు ఏడాదికి 99 డాలర్లు. మూడు డాలర్ల యాప్ మీద కమీషన్ పోగా చేతికొచ్చేది 2.55. ఆ 99 తిరిగి రావాలంటేనే 39 మంది కొనాలి, ఆ తర్వాతే మీ కష్టానికి మొదటి పైసా. గూగుల్ ప్లేలో 25 డాలర్లు ఒకసారి కడితే చాలు, కానీ 2023 నవంబరు తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతాలకు ఇంకో మెలిక ఉంది. కనీసం 12 మంది టెస్టర్లు వరసగా 14 రోజులు ఉండాలి, అప్పుడే యాప్‌ను అందరికీ విడుదల చేసేందుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. మొదట్లో ఆ సంఖ్య 20. మధ్యలో ఒకరు తప్పుకుని 12 కంటే తగ్గితే లెక్క మళ్లీ మొదటికి.

ప్రశ్న అడిగినవారికి నా సలహా, దీన్ని వెబ్‌లోనే ఉంచండి. లెక్కలు రాసేవాళ్లు ఆ పని ఫోన్‌లో చేయరు.

సాయంత్రం_షిఫ్ట్:
అందరికీ ధన్యవాదాలు. ధర వైపు మొగ్గుతున్నాను. ఏడాది చందా ఒకేసారి తీసుకుంటే ఎలా ఉంటుంది? కమీషన్ ఒక్కసారే పోతుంది, డబ్బూ ముందే చేతికొస్తుంది కదా.

పాత_కోడు:
అక్కడే జాగ్రత్త. ముందే తీసుకున్న చందా ఆ రోజుకి ఆదాయంలా కనిపిస్తుంది, నిజానికి అది మిగతా నెలలకు మీరు పడ్డ బాకీ. రెడిట్ చదివే అపోలో యాప్ గుర్తుందా? దాన్ని క్రిస్టియన్ సెలిగ్ నడిపేవారు. 2023లో రెడిట్ తన ఏపీఐకి, అంటే వేరే యాప్‌లు దాని సమాచారం తీసుకునే దారికి, ధర పెట్టింది. అప్పటి వాడకాన్ని బట్టి ఏడాదికి సుమారు రెండు కోట్ల డాలర్లు అవుతుందని ఆయన లెక్క చెప్పారు. జూన్ 30న యాప్ మూసేశారు. ఏడాది చందా కట్టినవాళ్లకు మిగిలిన నెలల డబ్బు తిరిగి ఇవ్వాల్సి వస్తే సుమారు రెండున్నర లక్షల డాలర్లని కూడా ఆయనే రాశారు. చేసిన పనిలో లోపమేమీ లేదు, కింద ఉన్న నేల వేరేవాళ్లది.

మీ టూల్ ఎవరి ఏపీఐ మీదా ఆధారపడకపోతే ఆ భయం తక్కువే. అయినా మొదటి ఏడాది నెలవారీ చందానో, వాడకానికి ఇంత అనో పెట్టండి. ఏడాది చందా పెట్టి తీరాలంటే, ఆ డబ్బులో వాడని నెలల భాగాన్ని వేరే ఖాతాలో ఉంచి ముట్టుకోకండి.

నిదానమే_ప్రధానం:
ఇది మంచి మాట. నా భయం కూడా ఇదేనండీ, నేను సరిగ్గా చెప్పలేకపోయానేమో. డబ్బు తీసుకున్న మరుక్షణం సరదా పోయి బాధ్యత వస్తుంది. ఆఫీసులో రిలీజ్ ఉన్న రోజే ఇక్కడ ఎవరికో స్టేట్‌మెంట్ తెరుచుకోదు, ఆ రోజే వాళ్లకు రిటర్న్ దాఖలు చేసే ఆఖరు తేదీ. ఆ టెన్షన్ మోయగలిగితేనే ధర పెట్టండి. ఉచితంగా ఇస్తే కనీసం "నాకు వీలైనప్పుడు చూస్తాను" అనే హక్కు మీకు ఉంటుంది.

బిల్లు_ముందు:
నాకు ఇక్కడ తీవ్రమైన అభ్యంతరం ఉంది. మీ చేతికి వస్తున్నది ఇతరుల బ్యాంకు స్టేట్‌మెంట్లు, అందులోనూ ఆ లెక్కలు రాసేవాళ్ల క్లయింట్లవి. ఉచితమైతే బాధ్యత తక్కువ అనే మాట ఇక్కడ చెల్లదు. ఫైలు బయటికి లీకైతే, నేను డబ్బు తీసుకోలేదు కదా అంటే ఎవరు ఊరుకుంటారు? మార్చిన వెంటనే ఫైలు చెరిపేయాలి, లాగ్స్‌లో, అంటే సర్వర్ రాసుకునే రికార్డుల్లో, లావాదేవీ వివరం పడకూడదు. వీలైతే మొత్తం పని వాళ్ల బ్రౌజర్‌లోనే జరిగేలా చేయండి, సర్వర్‌కు ఫైలే రాకూడదు. ఈ పనికి సమయం పడుతుంది, ఆ సమయానికి డబ్బు కావాలి. ధర పెట్టడానికి ఇది ఇంకో కారణం అంటాను నేను.

కాంట్రాక్టు_చదవండి:
ధర సంగతికి ముందు ఇంకో మాట. మీ ఉద్యోగ ఒప్పందంలో మేధో సంపత్తి క్లాజు చూశారా? చాలా ఒప్పందాల్లో ఉద్యోగంలో ఉండగా మీరు చేసినదంతా కంపెనీదే అన్నట్టు రాసి ఉంటుంది. కొన్నిచోట్ల చట్టం దానికి హద్దు పెట్టింది. కాలిఫోర్నియా లేబర్ కోడ్ సెక్షన్ 2870 ప్రకారం, పూర్తిగా మీ సొంత సమయంలో, కంపెనీ పరికరాలు వాడకుండా చేసినదాన్ని కంపెనీ తనదని రాయించుకోలేదు. కానీ అది కంపెనీ వ్యాపారానికి సంబంధించినదైతే ఆ రక్షణ లేదు. మీకు వర్తించే చట్టం వేరే కావచ్చు, అక్కడ హద్దు ఉందో లేదో కనుక్కోండి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో దీని కోడు ఒక్క ముక్క కూడా రాయకండి. వీలైతే లిఖితపూర్వకంగా అనుమతి తీసుకోండి. డబ్బు రావడం మొదలయ్యాక అడిగితే వచ్చే జవాబు వేరుగా ఉంటుంది.

సాయంత్రం_షిఫ్ట్:
సొంత ల్యాప్‌టాప్‌లోనే రాశాను. మా కంపెనీ పని సరుకు రవాణా సాఫ్ట్‌వేర్, దీనికీ దానికీ సంబంధం లేదు. అయినా ఈ వారమే హెచ్‌ఆర్‌కు మెయిల్ పెడతాను. బ్రౌజర్‌లోనే మార్చే సలహా నచ్చింది. స్కాన్ చేసిన స్టేట్‌మెంట్లు తప్ప మిగతావన్నీ అలా చేయొచ్చు. ఇక ఆ 15 కార్డుల గేటు నా టూల్‌లో ఎక్కడ పెట్టాలి? రోజుకు ఒక ఫైలు ఉచితం అంటే సరిపోతుందా?

బిల్లు_ముందు:
ఫైలును బట్టి వద్దు. సొంత ఖాతా చూసుకునేవారికి నెల స్టేట్‌మెంట్ రెండు మూడు పేజీలు ఉంటుంది. లెక్కలు రాసేవారికి ఒక వ్యాపారం ఏడాది స్టేట్‌మెంట్ పదుల పేజీల్లో వస్తుంది. రోజుకు ఒక ఫైలు అంటే, డబ్బు ఇవ్వగలిగిన ఆ రెండోవారే మొత్తం పని ఉచితంగా చేసేసుకుంటారు. ఫైలుకు మొదటి ఐదు పేజీలు ఉచితం అనండి. ఆరో పేజీ నుంచి ధర.

నిదానమే_ప్రధానం:
పేజీల లెక్కకు ఒప్పుకుంటాను. కానీ ఆ ఎర్ర వరుస సంగతి మాత్రం గేటు ఇవతలే ఉంచండి. పేజీలు ఎన్నున్నా సరే, మొత్తం ఫైల్లో ఎన్ని వరుసలు తేడా వచ్చాయో ఉచితంగానే చూపించండి, షీట్ దించుకోవడానికి డబ్బు అడగండి. మిగతా కన్వర్టర్లు చేయలేనిది మీరు చేశారని వాళ్లకు కనబడేది అక్కడే కదా.

బిల్లు_ముందు:
అది నా ఐదు పేజీల కంటే మెరుగ్గా ఉంది. అలాగే చేయండి.