మనీ ప్లాంట్ కుండీ దగ్గర బోడిగా అయిపోయింది, తీగ ఎక్కడ కత్తిరించాలి?

నమస్కారం అండి. మా హాల్లో వేలాడదీసిన మనీ ప్లాంట్‌కి మూడేళ్లు. ఆరంగుళాల కుండీలో మూడే తీగలు, ఒక్కోటి 6 అడుగులు దాటింది. చివర్లో ఆకులు బాగున్నాయి గానీ కుండీ దగ్గర అడుగున్నర మేర ఒక్క ఆకు లేదు. కణుపుల మధ్య దూరం కూడా పెరిగింది. వెలుతురు చాలకే అనిపించి పోయిన వారం కిటికీ పక్కకు మార్చాను, అక్కడ ఎండ నేరుగా పడదు.

ఇది మా అమ్మ పెరట్లోంచి తెచ్చుకున్న మొక్క. అందుకే కత్తెర పెట్టాలంటే చేయి రావట్లేదు.

పోయిన నెల ధైర్యం చేసి ఒక తీగ చివర మాత్రం కోసి, ముక్కలు చేసి సీసా నీళ్లలో పెట్టాను. కణుపు ఉన్న నాలుగు ముక్కలకీ తెల్లటి వేర్లు రెండంగుళాలు వచ్చాయి. కణుపు లేకుండా ఆకు కాడతో పెట్టినది పచ్చగానే ఉంది గానీ చిగురు లేదు. ఇక రాదని అర్థమైంది.

ఇప్పుడు నా టెన్షన్ అంతా ఆ బోడి తీగల గురించే. మట్టికి రెండు మూడు కణుపులు వదిలి కోసేస్తే ఆకుల్లేని ఆ మోడు మళ్లీ చిగురిస్తుందా? మూడూ ఒకేసారి కోయొచ్చా, ఒక్కొక్కటిగా కోయాలా? లేదా కోయకుండా బోడి తీగనే మట్టి మీద చుట్టి, కణుపులు తగిలేలా హెయిర్‌పిన్నులతో నొక్కిపెడితే చాలా? వేర్లొచ్చిన నాలుగు ముక్కల్నీ అదే కుండీలో పాత వేర్ల మధ్య గుచ్చితే బతుకుతాయా?

ఇలా చేసి గుబురుగా పెంచినవాళ్లు ఎన్నాళ్లకి చిగురు కనిపించిందో కూడా చెప్పండి, ప్లీజ్.