నాగావళి మొగను బాగు చేయడానికి ఇంటింటి రుసుము న్యాయమేనా?

అరసవల్లి మాస్టారు

శ్రీకాకుళం దాటిన నాగావళి కళ్లేపల్లి మొగ దగ్గర సముద్రంలో కలిసేలోపు ఊరి మురుగునూ, పొలాల్లోని ఎరువునూ, గట్టున పారబోసిన చెత్తనూ మోసుకుపోతోందన్న సంగతి ఇక్కడ ఎవరికీ కొత్త కాదు. దాన్ని బాగు చేసే ఖర్చు ఎవరు భరించాలన్నదే నా ప్రశ్న. అమెరికాలోని చెసపీక్ అఖాతం ఇలాగే పాడైనప్పుడు మేరీల్యాండ్ రాష్ట్రం 2004లో చట్టం చేసి, ఇంటికి నెలకు రెండున్నర డాలర్ల చొప్పున వసూలు చేసి, ఆ సొమ్ముతో 67 పెద్ద మురుగునీటి శుద్ధి కేంద్రాలను ఆధునికీకరించే పని మొదలుపెట్టింది. 2012లో ఆ రుసుమును చాలామందికి రెట్టింపు కూడా చేసింది. మనం కూడా పట్టణంలో ఇంటికి నెలకు ముప్పై రూపాయలు వేసి, అందులో పదో వంతును బడుల్లో నది గురించి నేర్పడానికి కేటాయిస్తే తప్పేమిటి?

గెడ్డ ఒడ్డు

మాస్టారూ, ఆస్తి పన్నూ నీటి పన్నూ కడుతున్న మనిషిని, మీ మురుగును మీరే శుభ్రం చేసుకోవడానికి ఇంకో పన్ను కట్టండని అడగడం నాకు సబబుగా తోచడం లేదు. కాలుష్యం చేసినవాడే దాని మూల్యం చెల్లించాలన్న సూత్రాన్ని వెల్లూరు తోలు పరిశ్రమల కేసులో సుప్రీంకోర్టు 1996లోనే మన చట్టంలో భాగమని చెప్పింది. రొయ్యల చెరువుల నీటినో, రసాయనాల నీటినో గెడ్డలోకి, అంటే నదిలో కలిసే వాగులోకి, వదిలేవారిని పక్కన పెట్టి, అద్దె ఇంట్లో ఉండే రిక్షావాడి దగ్గర ముప్పై రూపాయలు వసూలు చేస్తామా? 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద సంస్థలు సగటు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి గదా అని కొందరు అంటారు. నాకు అదీ నచ్చదు, ఎందుకంటే నష్టపరిహారంగా రావలసిన డబ్బు దానం రూపంలో వచ్చి, ఫలకం మీద పేరు చెక్కించుకుని పోతుంది.

ఇక చదువు సంగతి. పర్యావరణాన్ని తప్పనిసరి పాఠ్యాంశం చేయాలని సుప్రీంకోర్టు చెప్పింది 1991లో. అప్పటి నుంచి మన పిల్లలు చేస్తున్నది వ్యాసరచన పోటీలూ, జూన్ 5న ఒక ఊరేగింపూ.

మొగకాడ

వలకు వెళ్లే కుటుంబం మాది కాబట్టి, నీటిలో కనబడేది రాస్తాను. ఎండాకాలంలో ఇసుక మేట వేసి మొగ సన్నబడితే నీరు కదలదు. పైన పొలాల నుంచి వచ్చిన నత్రజని, భాస్వరం తిని నాచు పెరుగుతుంది, అది చచ్చి కుళ్లేటప్పుడు నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్‌ను లాగేస్తుంది, తెల్లవారుజామున చేపలు నోళ్లు పైకెత్తి ఉపరితలానికి వస్తాయి. మొదటి వరద వచ్చిన రోజు గుర్రపుడెక్క తెప్పలు తెప్పలుగా కొట్టుకొచ్చి వలలో పడుతుంది. దాని వేళ్ల మధ్య నుంచి పాల కవర్లనూ, పసిపిల్లల డయపర్లనూ విడదీయడానికి పట్టే సమయం చేపలను ఏరడానికి పట్టదు. ఇక్కడ చేపలు లేకనే మా ఊళ్ల కుర్రాళ్లు గుజరాత్‌లోని వీరావల్ పడవలెక్కుతున్నారు. రుసుము ఎవరు కట్టినా మాకు అభ్యంతరం లేదు గాని, ఆ డబ్బును ఏ గట్టున, దేనికి ఖర్చు పెట్టాలో నిర్ణయించే చోట మత్స్యకారుడికి కుర్చీ ఉండాలి.

పార్వతీపురం వాసి

నాగావళి పుట్టింది ఒడిశాలోని కలహండి కొండల్లో. పరీవాహక ప్రాంతంలో దాదాపు సగం అక్కడే ఉంది. పక్కనున్న వంశధార నది విషయంలోనూ, 2010లో ఏర్పడిన ట్రిబ్యునల్ 2017లో తీర్పు ఇచ్చేదాకా ఆంధ్ర, ఒడిశాలు పోట్లాడింది నీటి వాటాల కోసం. ఆ నీరు ఎంత శుభ్రంగా ఉండాలన్నదాని మీద ఇంత పట్టుదల ఎవరూ చూపలేదు. శ్రీకాకుళం పట్టణం ఒక్కటే రుసుము కడితే పైన ఒడిశాలోని రాయగడ నుంచి వచ్చేదాన్ని ఎవరు ఆపుతారు?

అరసవల్లి మాస్టారు

పార్వతీపురం మిత్రుల ప్రశ్నే అసలైనది. చెసపీక్ పరీవాహకం ఆరు రాష్ట్రాల్లో ఉంది. ఆ రాష్ట్రాల్లో కొన్ని 1983లోనూ, 1987లోనూ, 2000లోనూ స్వచ్ఛందంగా ఒప్పందాలు చేసుకున్నా గడువులు దాటిపోయాయి. చివరికి 2010లో కేంద్ర పర్యావరణ సంస్థ నత్రజని, భాస్వరం, ఒండ్రులకు పరిమితి విధించి 2025ను గడువుగా పెట్టింది. ఆ గడువుకూ లక్ష్యాలన్నీ నెరవేరలేదు. శుద్ధి కేంద్రాల వల్ల పట్టణాల వాటా బాగా తగ్గినా, పొలాల నుంచి వచ్చేది లొంగలేదు. కాబట్టి గెడ్డ ఒడ్డు గారూ, పరిశ్రమలను మాత్రమే పట్టుకుంటే సరిపోదు. నా ఇంటి మురుగూ, మా బావమరిది పొలంలోని యూరియా కూడా లెక్కలోకి రావాలి.

చదువు విషయంలో మాత్రం వారి మార్గం గమనించదగినది. 2005లో హైస్కూలు పూర్తి చేసే తరగతితో మొదలుపెట్టి, ప్రతి విద్యార్థికీ బడి పూర్తయ్యేలోగా ఏరు దగ్గరో అఖాతం దగ్గరో స్వయంగా పని చేసిన అనుభవం ఉండాలని 2000 ఒప్పందంలో రాసుకున్నారు. మన ఇంటర్ పిల్లలు కళాశాల ప్రయోగశాలలో చేయగలిగిన పరీక్షతోనే నీటిలో ఆక్సిజన్ ఎంతుందో తెలుస్తుంది. చేపలు బతకాలంటే లీటరుకు కనీసం నాలుగు మిల్లీగ్రాములు ఉండాలన్నది మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణమే. నెలనెలా వంతెన దగ్గరా, మొగ దగ్గరా కొలిచి ఆ అంకెను పురపాలక కార్యాలయం గోడ మీద రాయిద్దాం. రుసుము కట్టినవాడు దాన్ని చూసి లెక్క అడుగుతాడు.

గెడ్డ ఒడ్డు

కొలవడానికి నాకు పూర్తి సమ్మతి. రుసుముకు మాత్రం రెండు షరతులు పెడతాను: తెల్ల రేషన్ కార్డు ఉన్న ఇళ్లను మినహాయించాలి, గెడ్డలోకి నీటిని వదిలే ప్రతి సంస్థ గొట్టం దగ్గరా అవే కొలతలు తీసి అదే గోడ మీద రాయాలి. రెండోదానికి మీరు ఒప్పుకోకపోతే మొదటి రూపాయి నుంచీ నేను వ్యతిరేకిస్తాను.

మొగకాడ

మొగ దగ్గర కొలతకు పడవ మేమిస్తాం. పిల్లలను మాత్రం తెల్లవారకముందే పంపండి. మధ్యాహ్నం ఎండలో నాచు ఆక్సిజన్ వదులుతుంది కాబట్టి, ఆ వేళ కొలిస్తే నీరు బాగున్నట్టే కనబడుతుంది.