ఎంఏ హిస్టరీ చేస్తే తర్వాత ఏంటి?

ప్రశ్న: డిగ్రీ అయిపోవచ్చింది. ఉస్మానియాలోనో సెంట్రల్ యూనివర్సిటీలోనో ఎంఏ హిస్టరీ చేద్దామనుకుంటున్నా, ఇంట్లోనేమో "రాజుల కథలు కూడు పెడతాయా" అని ఒకటే గోల. నిజంగా దారులున్నాయా?

జవాబు: డిగ్రీ కాలేజీలో లెక్చరర్ కావాలంటే నెట్ లేదా సెట్ అనే అర్హత పరీక్ష, బడిలో చెప్పాలంటే బీఈడీ. సివిల్స్‌లో ఆప్షనల్‌గానూ తీసుకోవచ్చు.

జవాబు: అందరూ గ్రూప్సే అంటారు గానీ బ్రో, ఒకసారి తార్నాకలో స్టేట్ ఆర్కైవ్స్‌కి వెళ్లు. మొఘల్, నిజాం కాలపు కాగితాలు కట్టలకొద్దీ ఉంటాయి, చాలావరకు ఫార్సీ, ఉర్దూల్లోనే, అవి చదవగలిగేవాళ్లు మాత్రం తక్కువ. ఎంఏతో పాటు ఆ లిపి పట్టావంటే రీసెర్చ్‌లో, మ్యూజియాల్లో నీకో విలువ ఉంటుంది. ఉత్త సర్టిఫికెట్‌తో అయితే కష్టమే, ఉన్నమాట చెప్తున్నా.

జవాబు: ఎంట్రన్స్ అంటావా, సెంట్రల్‌కి సీయూఈటీ పీజీ, ఉస్మానియాకి సీపీగెట్. రెండూ రాసేయ్.

ప్రశ్న వేసినవాణ్ణి: థాంక్సన్నా. ఉర్దూ అక్షరాలు మా పక్కింటి చాచా నేర్పిస్తానన్నాడు, అడుగుతా.