లవ్ ఫెయిల్యూర్ పాటలు, డీజే పాటలు మన పిల్లల ఆలోచనను మారుస్తున్నాయా? మీరు చూసింది చెప్పండి

వరంగల్ వాణి
జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతాను. మా ఇంటర్ పిల్లలు ఈమధ్య సినిమా పాటల కంటే యూట్యూబ్‌లో వచ్చే ప్రైవేటు లవ్ ఫెయిల్యూర్ పాటలే ఎక్కువ వింటున్నారు. వాట్సాప్ స్టేటస్‌లో అవే, రీల్స్‌లో అవే. చాలా పాటల్లో కథ ఒకటే. అబ్బాయి ప్రాణం పెట్టి ప్రేమిస్తాడు. అమ్మాయి ఉద్యోగం ఉన్నవాణ్ని పెళ్లి చేసుకుని వెళ్లిపోతుంది. వీడు గడ్డం పెంచి, సీసా పట్టుకుని, బతకనని ఏడుస్తాడు. ఆ పెళ్లికి ముందు ఆ పిల్లను ఇంట్లో ఎవరైనా ఒక మాట అడిగారా అన్నది మాత్రం ఏ చరణంలోనూ రాదు.

మా క్లాసులో ఒక అబ్బాయి తోటి అమ్మాయిని అందరి ముందూ ‘మోసగత్తె’ అన్నాడు. వాళ్ల మధ్య ప్రేమా లేదు, దోమా లేదు. ఆ పిల్ల కొన్నాళ్లు నోట్స్ ఇచ్చింది, తర్వాత ఇవ్వడం మానేసింది, అంతే. ఆ రోజు నుంచి నాకు ఒకటే టెన్షన్. పెద్ద పెద్ద సిద్ధాంతాలు వద్దు. మీ ఇంట్లో, మీ ఊళ్లో ఏం చూశారో రాయండి.

తంగేడుపూవు
మేడమ్, నేను కరీంనగర్ వైపు ఒక చిన్న స్టూడియోలో మిక్సింగ్ చేస్తాను. మీరు చెప్పే పాటలు నా చేతుల మీదుగానే పోతాయి కాబట్టి లోపలి సంగతి చెబుతా.

జానపదం పాట తీయాలంటే కోరస్ కావాలి, డప్పులు కావాలి, డ్యాన్స్ మాస్టరు, గ్రూపు డ్యాన్సర్లు, చీరలు, భోజనాలు, అన్నీ కావాలి. లవ్ ఫెయిల్యూర్ పాటకు ఒక సింగర్, ఒక ఫ్లూటు బిట్టు, ఒక అబ్బాయి, ఒక చెరువు గట్టు ఉంటే చాలు. ఖర్చు తక్కువ, వ్యూస్ గ్యారంటీ. అందుకే ఛానల్ వాళ్లు రైటరుకు ముందే చెప్పేస్తారు, అమ్మాయి మోసం చేసినట్టే ఉండాలని. ఒక రైటర్ తమ్ముడు చివరి చరణంలో ఆ పిల్ల బాధ కూడా రాసుకొచ్చాడు. ఆ చరణం తీసేయించారు. ‘స్టేటస్‌కు పనికిరాదు’ అన్నారు.

స్టేటస్ అన్న మాట దగ్గరే అసలు కిటుకు ఉంది. పాట మొత్తం ఎవరు వింటున్నారు? ఆ ముప్పై సెకన్ల ముక్కే అందరికీ చేరేది. కాబట్టి తిట్టూ ఏడుపూ ఆ ముక్కలోనే పడేలా కడతారు. పిల్లాడు అదే ముక్కను రోజుకు పదిసార్లు వింటాడు. పాటలో కాస్త మంచి ఉన్నా అది వాడిదాకా రాదు.

అయితే జనం మంచి పాటను వినరని మాత్రం ఒప్పుకోను. 2021లో ‘బుల్లెట్టు బండి’ ఎట్లా పోయింది? అత్తారింటికి పోయే పిల్ల తన గురించి తనే ధైర్యంగా చెప్పుకునే పాట అది. మంచిర్యాలలో ఒక పెళ్లికూతురు దానికి ఎగిరితే రాష్ట్రమంతా చూసింది. ‘బలగం’లో పల్లెటూరి పాటకు కాసర్ల శ్యామ్‌కు జాతీయ అవార్డే వచ్చింది. వినేవాళ్లున్నారు. పెట్టుబడి పెట్టేవాళ్లకే నమ్మకం లేదు.

గౌతమీ తీరం
మీకు ప్రేమ పాటలతో బాధ, మా వైపు కులం పాటలతో. మాది గోదావరి జిల్లా. జాతరకైనా, నాయకుడి పుట్టినరోజుకైనా, ఫ్లెక్సీ పక్కనే డీజే బండి దిగుతుంది. ఒక్కో కులానికీ యూట్యూబ్‌లో సొంత పాటలున్నాయి. మీసం, రక్తం, సింహం, కత్తి తప్ప వాటిలో ఇంకో మాట ఉండదు. మా తమ్ముడి బ్యాచ్ ఎనిమిదో తరగతి నుంచీ కలిసి క్రికెట్ ఆడేవాళ్లు. ఒక ఊరేగింపులో ఒక కులం పిల్లలు తమ పాటను అవతలి కులం వాళ్ల వీధిలో కావాలని సౌండ్ పెంచి వేశారు. మర్నాడు వాళ్లూ అదే పని చేశారు. ఇప్పుడు గ్రౌండులో రెండు పిచ్‌లు.

ఆ పాట రాకముందు మా ఊళ్లో కులం లేదా అంటే ఉంది, ఎప్పుడూ ఉంది. కానీ పద్నాలుగేళ్ల పిల్లాడు దాన్ని వీధిలో గొంతెత్తి అరవడం మాత్రం ఈ పాటలతోనే వచ్చింది. ఇంట్లో గుట్టుగా ఉండే జబ్బుకు తాళం, బీటు దొరికాయి. 2024లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలు వద్దన్నారు. అక్కడ శబ్దం తగ్గించొచ్చు. ఇయర్‌ఫోన్స్‌లో వినే మాటలను ఏ పోలీసు ఆపుతాడు?

పాత గ్రామఫోను
రిటైరైనవాణ్ని, నా మాట కాస్త ఓపిగ్గా వినండి. మా కాలం పాటలన్నీ ఆణిముత్యాలని నేను చెప్పను. డెబ్బైల్లో, ఎనభైల్లో కూడా హీరోయిన్ కొంగు పట్టుకు లాగే పాటలు కోకొల్లలు. కాలేజీ గేటు దగ్గర వాటినే ఈల వేసేవాళ్లు.

కానీ అదే సినిమాలో రెండో రకం పాట కూడా వచ్చేది. 1974లో ‘అల్లూరి సీతారామరాజు’కు శ్రీశ్రీ రాసిన పాట జాతీయ అవార్డు తెచ్చింది. 1993లో ‘గాయం’లో సిరివెన్నెల సిగ్గులేని జనాన్ని నిగ్గదీసి అడగమన్నారు, తెర మీద కూడా ఆయనే కనిపించారు. అప్పుడు నేను ఒక హాస్టల్‌కు వార్డెన్‌ని. మెస్సులో బియ్యం తూకం తగ్గుతోందని పిల్లలు నా గదికి వచ్చి నిలబడ్డారు. వచ్చేటప్పుడు వరండాలో పాడుతూ వచ్చింది ఆ పాటే. తూకం సరిచేయించాం. పాట వాళ్లకు అన్యాయాన్ని కొత్తగా చూపించిందని అనను, ఆకలి వాళ్లకు తెలుసు. అడగడానికి గొంతు ఇచ్చింది.

ఇంకోటి. 1996లో ఈటీవీలో ‘పాడుతా తీయగా’ మొదలైనప్పటి నుంచి బాలు గారు పాడిన పిల్లల దగ్గర సాహిత్యం గురించి మాట్లాడేవారు. ఏ మాటను ఎలా పలకాలి, కవి ఏ ఉద్దేశంతో రాశాడు అని. ఇళ్లలో మనమూ అది వినేవాళ్లం. ఇప్పుడు పిల్లాడు విన్న పాట గురించి వాడితో కూర్చుని మాట్లాడే పెద్దమనిషి ఇంట్లో ఎవరు?

సుధ, డల్లాస్
బాబాయ్ గారూ, ఇక్కడ మా పిల్లలకు తెలుగు పాటల ద్వారానే వస్తోంది. అందుకే ఇది మాకు ఇంకా పెద్ద సంగతి. దసరా, ఉగాది వేడుకల్లో ఎనిమిదేళ్ల ఆడపిల్లల చేత ఐటమ్ పాటలకు స్టెప్పులు వేయిస్తారు, తల్లిదండ్రులే ముందు వరుసలో వీడియో తీస్తారు. మాట అర్థం కాని పిల్లకు నడుము తిప్పితే చప్పట్లు వస్తాయన్నది మాత్రం బాగా అర్థమవుతుంది. 2025 మార్చిలో తెలంగాణ మహిళా కమిషన్ సినిమాల్లో అసభ్యమైన స్టెప్పుల మీద హెచ్చరిక ఇచ్చిందని చదివి సంతోషించాను. స్టేజీ మీద పిల్లల్ని నిలబెట్టేది మాత్రం సినిమావాళ్లు కాదు, మనమే.

2021లో వచ్చిన ‘ఊ అంటావా’ సంగతే చూడండి. ఆడది ఏం కట్టుకున్నా మగవాడి చూపు మారదని చంద్రబోస్ అందులో నేరుగానే రాశారు. ఆంధ్రాలో ఒక మగవాళ్ల సంఘం దాని మీద కోర్టుకు కూడా వెళ్లింది. కానీ ఇక్కడి ఫంక్షన్లలో మగపిల్లలు దాన్ని ఈలలతోనే వింటారు. తంగేడుపూవు అన్న చెప్పిన ముక్క సంగతే ఇదీ.

మానుకోట మల్లి
నేను డిగ్రీ ఫైనలియర్. అందరూ మా గురించి మాట్లాడుతున్నారు కాబట్టి నేనూ రాస్తున్నా.

వాణి మేడమ్, మీరు చెప్పింది నిజం. ఒకడు నా వెంట కాలేజీ దాకా వచ్చేవాడు, ఫోన్‌లో పాట పెట్టి. ఆడపిల్లల్ని వేధించేవాళ్లను పట్టుకునే పోలీసు బృందాలు, షీ టీమ్స్‌కు చెప్పాం. వాళ్ల అమ్మానాన్నల్ని పిలిచి కౌన్సెలింగ్ ఇచ్చారు. అక్కడ వాడు అన్న మాట నాకు ఇప్పటికీ అర్థం కాదు: ‘నేనేం చేశాను సార్, ఒక్కసారి కూడా ముట్టుకోలేదు, పాటే కదా పెట్టాను’ అని. వాడికి నిజంగానే అది తప్పని తెలియదు. వెంటపడితే చివరికి అమ్మాయి నవ్వుతుందని చిన్నప్పటి నుంచి ప్రతి పాటలో చూశాడు.

కానీ నేను కూడా లవ్ ఫెయిల్యూర్ పాటలు వింటాను. మా బాపు గద్దర్ పాటలు, గోరటి వెంకన్న పాటలు పాడుతూ పెంచాడు, అవీ వింటాను. మా ఫ్రెండ్స్‌లో నాన్న తాగి కొట్టే ఇల్లు ఉంది, ఫీజు కట్టలేక టీసీ కోసం తిరిగేవాళ్లున్నారు. రాత్రి ఆ ఏడుపు పాట వాళ్లకు తోడు. దాన్ని పట్టుకుని వీళ్లు చెడిపోయారనకండి. బతకాలని లేదని ఎవరైనా నిజంగా స్టేటస్ పెడితే పాటే కదా అని వదిలేయకుండా వెంటనే ఫోన్ చేసి మాట్లాడండి. 14416 మనసు బాగోలేనప్పుడు మాట్లాడే టెలీ మానస్ హెల్ప్‌లైన్ నంబరు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు. మా హాస్టల్ నోటీసు బోర్డు మీద మేమే రాశాం.

వరంగల్ వాణి
మల్లీ, నువ్వు రాసింది రేపు స్టాఫ్‌రూమ్‌లో చదివి వినిపిస్తాను. ఆ నంబరు మా బోర్డు మీదా రాయిస్తాను.

తంగేడుపూవు గారూ, తీసేయించిన ఆ చరణం గురించే ఆలోచిస్తున్నాను. మా పిల్లల్లో రాసేవాళ్లున్నారు. అదే బాణీలో, ఆ అమ్మాయి వైపు నుంచి పాట రాయమంటే రాస్తారు. రికార్డు చేయడం వీలవుతుందా? ఎంతవుతుంది?

తంగేడుపూవు
డబ్బుల మాట వద్దు మేడమ్, ఆదివారం స్టూడియో ఖాళీనే. పల్లవి రెండు లైన్లు, చరణాలు మూడుకు మించొద్దు. ఆడపిల్ల గొంతు కాబట్టి పాడే పిల్లతో ముందు ఫోన్‌లో నాలుగు లైన్లు పాడించి పంపండి, శ్రుతి చూసుకుని ట్రాక్ కడతా. ఆ స్టేటస్ ముక్క ఎక్కడ పడాలో కూడా ముందే అనుకుందాం, ఈసారి ఆ పిల్ల మాట అందులోనే పెడదాం. ఆ రైటర్ తమ్ముణ్ని కూడా రమ్మంటా, వాడి దగ్గర ఆ చరణం ఇంకా ఉంది.

మానుకోట మల్లి
అన్నా, కోరస్‌కు మేం నలుగురం వస్తాం. మానుకోట నుంచి పొద్దున బస్సు ఎక్కితే ఎన్నింటికి చేరతామో చూసి చెబుతా.