సర్వేలో మూడు శాతం తగ్గితే ఓటర్లు నిజంగా మారినట్టేనా?

సర్వేల లెక్కలు తెలిసిన పెద్దలకు నమస్కారం. నేను హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటాను.

వెయ్యి మందిని యాదృచ్ఛికంగా ఎంచుకుని అడిగినా ఒక పార్టీకి వచ్చే శాతంలో అటూ ఇటూ సుమారు మూడు పాయింట్ల తేడా ఉండవచ్చనీ, రెండు పార్టీల మధ్య అంతరానికి వచ్చేసరికి అది దాదాపు రెట్టింపవుతుందనీ చదివాను. అలాంటప్పుడు ఒక పార్టీ మద్దతు 41 నుంచి 38కి దిగిందని టీవీలో ఎర్ర బాణం గుర్తు వేసి చూపిస్తే, దానిని నిజమైన మార్పుగా తీసుకోవడానికి ఇంకెన్ని సర్వేలు అదే దిశలో రావాలి?

ఓట్ల శాతాన్ని సీట్లుగా మార్చే పద్ధతి నాకు మరీ అయోమయంగా ఉంది. 2023 శాసనసభ ఎన్నికల్లో కాంగ్రెస్‌కూ బీఆర్‌ఎస్‌కూ మధ్య ఓట్ల తేడా రాష్ట్రం మొత్తం మీద సుమారు రెండు శాతమే అయినా సీట్లు 64, 39గా వచ్చాయి. గెలిచిన కాంగ్రెస్‌కు హైదరాబాద్ జిల్లాలోని 15 స్థానాల్లో ఒక్కటీ దక్కలేదు. రాష్ట్రస్థాయి నమూనాలో ఇటువంటి తేడా ఎలా పట్టుబడుతుంది?

మరొక సందేహం. మొన్న ఒక అబ్బాయి ట్యాబ్ పట్టుకుని మా గుమ్మం ముందు నిలబడి అడిగితే, పక్కింటివారు వింటున్నారని మా నాన్నగారు ఒక పార్టీ పేరు చెప్పి, తలుపు వేశాక నవ్వి మరో పేరు చెప్పారు. (ఓటు దేనికి వేస్తారో నాకిప్పటికీ తెలియదు.) ఇలాంటి జవాబులను సర్వే సంస్థలు ఏ విధంగా సరిదిద్దుతాయో అనుభవమున్నవారు వివరించగలరా?