కాలి పిక్కకూ మామిడి పిక్కకూ చుట్టరికం ఉందా?

నమస్కారం. మహబూబ్‌నగర్‌లో ఫిజియోథెరపీ నేర్చుకుంటున్నాను. కండరాల పేర్లన్నీ కంఠస్థం చేశాను కానీ, వచ్చేవాళ్లు వాడే మాటల దగ్గరే తడబడుతున్నాను.

మొన్న ఒక ఉర్దూ పెద్దాయన జాంఘ్ నొప్పి అన్నారు. సంస్కృతంలో జంఘ అంటే మోకాలి కింది భాగం కదా అని, నా పాండిత్యం కొద్దీ పిక్క నొక్కడం మొదలుపెట్టాను. ఆయన నవ్వి తొడ చూపించారు. ఉర్దూ, హిందీల్లో ఆ మాట తొడ మీదికి ఎక్కి కూర్చుందట! పిక్కను వాళ్లు పిండ్లీ అంటారు. అది పిండం నుంచి వచ్చిన మాట, ముద్దలా ఉంటుందని. తమిళులు కెండైక్కాల్ అంటారు. కెండై అంటే ఒక చేప, ఆకారం చూస్తే నిజమే అనిపిస్తుంది. గ్రీకులకు మాత్రం అది కాలికి పొట్టలా కనిపించింది; పిక్క కండరానికి వైద్యంలో వాడే గ్యాస్ట్రోక్నీమియస్ అన్న పేరుకు అర్థం అదే.

మరి మన పిక్క ఎక్కడిది? కోస్తా స్నేహితురాలు మామిడి పిక్క, జీడిపిక్క అంటుంది. మా ఇంట్లో మామిడికి టెంకే, చింతకు గింజే. గట్టిగా గుండ్రంగా ఉంటుందని గింజ పేరే కాలికి వచ్చిందా, లేక రెండూ వేర్వేరు మాటలా? పారిపోవడాన్ని పిక్కబలం చూపడం అనడం మాత్రం అందరికీ తెలిసిందే.

దేవరకొండ, అచ్చంపేట, కొల్లాపూర్ వైపు పెద్దవాళ్లు పిక్కకూ, తొడ వెనుక కండకూ వేరే పేర్లేమైనా వాడతారా? ఊరి పేరుతో సహా చెప్పండి. తొడ వెనుక కండకు నాకు ఇంతవరకు ఒక్క తెలుగు మాటా దొరకలేదు.