మిస్టర్ లింకన్ అని కొన్నాను, వాసనే లేదు. తప్పు మొక్కదా, నాదా?

మేడమీద_తోట (హైదరాబాద్), సెప్టెంబరు 14
పోయిన ఏడాది ఒక నర్సరీలో ‘మిస్టర్ లింకన్’ అని చెప్పి ఎర్ర గులాబీ ఇచ్చారు. 350 రూపాయలు. ముదురెరుపు, అరచెయ్యంత పువ్వు, పూతకి లోటు లేదు. కానీ ముక్కు ఆనించి పీల్చినా ప్లాస్టిక్ పువ్వే. “వాసన లేని పువ్వుకి ఇన్ని సేవలెందుకే” అని మా అత్తగారు రోజూ దేవుడి దగ్గర పెడుతూ దెప్పుతున్నారు. 12 అంగుళాల కుండీ. ఎర్రమట్టి, వర్మీ కంపోస్టు, కొంచెం కొబ్బరి పీచు. ఎండ బాగా తగులుతుంది. నర్సరీవాడు మోసం చేశాడని మా ఆయన అంటున్నారు. పొటాష్ తక్కువైతే వాసన రాదని యూట్యూబ్‌లో ఒకాయన. ఎవరి మాట నమ్మమంటారు?

కడియం_కుర్రాడు, సెప్టెంబరు 14
మీ ఆయన మాటే అండి. మాది కడియపులంక, పుట్టి పెరిగిందే అంటుమొక్కల మధ్య. చీటీ మీద పేరు చూసి గులాబీ కొనకూడదు. ఎర్రగా, పెద్దగా ఉంటే చాలు, అడిగినవాళ్ళు ఏ పేరంటే ఆ పేరు చెప్పి అమ్మేసేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. బొకేలకి వాడే తాజ్‌మహల్, ఫస్ట్ రెడ్ లాంటి రకాల మొక్కలు కూడా ‘డచ్ గులాబీ’ అని వస్తాయి. అవి పెట్టెలో వందల మైళ్ళు వెళ్ళినా వాడిపోకుండా ఉండాలని తీసిన రకాలు. వాసన వాటికి రాసిపెట్టి లేదు. కుండీ మార్చినా, దేవుడికి మొక్కుకున్నా రాదు.

అరటితొక్క_అభిమాని, సెప్టెంబరు 14
అరటితొక్కలు మూడు రోజులు నానబెట్టి ఆ నీళ్ళు పొయ్యండి అక్కా. ఎప్సమ్ సాల్ట్ కూడా ఒక చెంచా. గ్యారంటీ.

రిటైర్డ్_బాటనీ_మాస్టారు, సెప్టెంబరు 15
గ్యారంటీ కార్డు ఎవరిస్తారు నాయనా?

అమ్మా, రకమే ప్రధానం. లింకన్, పాపా మెయిలాండ్, ఓక్లహోమా తోబుట్టువులు. ముగ్గురికీ తల్లి క్రైస్లర్ ఇంపీరియల్, తండ్రి చార్లెస్ మల్లెరిన్. పాపా మెయిలాండ్ 1963లో ఫ్రాన్సులో పుట్టింది, తక్కిన రెండూ 1964లో అమెరికాలో స్విమ్, వీక్స్ అనే ఇద్దరి చేతుల మీదుగా వచ్చాయి. ఇంకా వెనక్కి వెళ్తే జర్మనీలో కోర్డెస్ 1935లో తీసిన క్రిమ్సన్ గ్లోరీ ఈ పిల్లలకి ముత్తాత. వాసన ఆ ఇంటి ఆస్తి. సువాసనకి అమెరికన్ రోజ్ సొసైటీ ఇచ్చే గాంబుల్ పతకం 1961లో మొట్టమొదట ముత్తాతకే దక్కింది. తర్వాత 1965లో క్రైస్లర్‌కి, 1974లో పాపాకి, 2003లో లింకన్‌కి. అలాంటి ఇంటి పిల్లకి ప్లాస్టిక్ పువ్వు పూయడమేమిటి?

ఇంకో మాట. 2015లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు ‘సైన్స్’ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. పాపా మెయిలాండ్‌ని, వాసన లేని రూజ్ మెయిలాండ్‌ని పక్కపక్కన పెట్టి చూశారు. గులాబీ వాసనలో ముఖ్యమైన జెరానియోల్ తయారవడానికి కావలసిన ఒక ఎంజైము పాపా రేకల్లో జోరుగా పనిచేస్తోంది, రూజ్‌లో దాదాపు లేదు. లేని ఎంజైముని అరటితొక్క నీళ్ళతో తెప్పించలేం.

సావిత్రి_బెజవాడ, సెప్టెంబరు 15
మాస్టారూ, మీ వంశవృక్షం బాగుంది గానీ అంతా రకంలోనే ఉందంటే నేను ఒప్పుకోను. ఆరేళ్ళుగా నా దగ్గర పాపా మెయిలాండ్ ఉంది. అదే మొక్క, అదే కుండీ. మే నెలలో బటన్ గులాబీ అంత పువ్వు పూస్తుంది, రేకల అంచులు మాడి నల్లబడతాయి, వాసన సున్నా. డిసెంబరులో ఒక్క పువ్వు పూస్తే మెట్లెక్కుతుండగానే తెలిసిపోతుంది. మే నెలలో దాని ఎంజైము ఎక్కడికి పోయినట్టు? వేసవి సెలవులకా?

ఈ అమ్మాయి ఏ వేళప్పుడు వాసన చూసిందో ఒక్కరూ అడగలేదు. మిట్టమధ్యాహ్నం చూస్తే ఏముంటుంది? ఆ వాసన ఆవిరయ్యే నూనె. ఎండెక్కేలోపే చూడాలి, అదీ సగం విచ్చిన పువ్వుని. పూర్తిగా విచ్చి ఊదారంగుకి తిరిగిందంటే దాని పని అయిపోయినట్టే.

రిటైర్డ్_బాటనీ_మాస్టారు, సెప్టెంబరు 15
మీరు చెప్పింది నా మాటకి అడ్డం కాదమ్మా. ఉన్న వాసన ఎండకి తగ్గుతుంది. అసలు లేనిది చలికి పుట్టదు.

సావిత్రి_బెజవాడ, సెప్టెంబరు 15
లేదని తేల్చడానికి ముందు ఒక్క చలికాలమైనా సరిగ్గా పెంచి చూడాలిగా! వచ్చే నెలే మనకి కత్తెర వేసే అదను. నేను చేసేది చెప్తాను.

అక్టోబరు రెండో వారంలో ఎండుపుల్లలు, పెన్సిల్ కన్నా సన్నటి కొమ్మలు మొదలంటా తీసేస్తాను. మిగిలిన నాలుగైదు మంచి కొమ్మల్ని సగానికి, బయటి వైపు తిరిగిన చిగురు కన్నుకి పైన, ఏటవాలుగా కోస్తాను. కోసిన ప్రతిచోటా బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూయాల్సిందే. బద్ధకించారో, కొమ్మ పైనుంచి నల్లగా ఎండుకుంటూ కిందకి దిగుతుంది. ఒక ఏడాది అలాగే నా క్రిమ్సన్ గ్లోరీ పోయింది, ఇప్పటికీ బాధే. అంటు ముడికి, అంటే రెండు మొక్కలు అతికించిన చోటుకి, కింద నుంచి వచ్చే కొమ్మ మీ గులాబీది కాదు, వేరున్న అడుగు మొక్కది. దాన్ని మొదట్లోనే లాగేయండి. పై మట్టి రెండంగుళాలు తీసి పశువుల ఎరువు, వేపపిండి, ఎముకల పొడి కలిపి నింపుతాను. 45, 50 రోజుల్లో పువ్వు. కొమ్మ చివర మధ్య మొగ్గ ఉంచి పక్క మొగ్గలు బఠాణీ గింజంత ఉన్నప్పుడే తుంచేయాలి. ప్రాణం ఒప్పదు గానీ తప్పదు.

చలికాలంలో బూడిద తెగులు వస్తుంది, పాపాకి మరీ ఎక్కువ. లీటరుకి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం కొట్టండి, చల్లటి వేళ మాత్రమే.

అరటితొక్క_అభిమాని, సెప్టెంబరు 16
ఎముకల పొడికి గ్యారంటీ అడగలేదేం మాస్టారూ?

రిటైర్డ్_బాటనీ_మాస్టారు, సెప్టెంబరు 16
ఆవిడ దానితో వాసన వస్తుందనలేదు కాబట్టి.

నాటుగులాబీ, సెప్టెంబరు 16
దేవుడికి పెట్టడానికే అయితే ఈ రాజవైభోగం దేనికండి? ‘సుర్ఖా’ అని కూడా పిలిచే ఎర్ర గులాబీ ఉంది. అసలు పేరు గ్రుస్ ఆన్ టెప్లిట్జ్, 1897 నాటిది. పువ్వు చిన్నది, మెడ వాలుస్తుంది, వాసన మాత్రం కడుపునిండా. మందులూ మాకులూ అంతగా అడగదు.

సావిత్రి_బెజవాడ, సెప్టెంబరు 16
మంచిదే. కానీ ఒక్క పొడుగాటి కాడ మీద ఒక్క ముఖమల్ పువ్వు నిలబడాలని పెంచేవాళ్ళకి అది ఎక్కడ ఆనుతుందండి?

మేడమీద_తోట, డిసెంబరు 9
ఆలస్యమైంది, క్షమించండి. సావిత్రి గారు చెప్పినట్టే అక్టోబరు 12న కత్తిరించాను. మా ఆయన చూసి “మొక్కని గుండు చేశావు” అన్నారు. సరిగ్గా 58వ రోజుకి మొదటి పువ్వు. ఈ పొద్దున ఆరున్నరకి, సగం విచ్చినప్పుడు, గాజు గ్లాసు బోర్లించి పది నిమిషాలు ఉంచి తీశాను. వాసన ఉంది! కొంచెమే. టీ పొడి డబ్బా మూత తీసినట్టు, చిన్నగా. మా అత్తగారు కూడా “ఏదో వస్తోంది” అన్నారు. అర్ధగంటకి అదీ లేదు.

కడియం_కుర్రాడు, డిసెంబరు 9
అయితే తేలిపోయిందండి. టీ పొడి వాసన లింకన్‌ది కాదు. దానిది అచ్చం పన్నీరు వాసన, గ్లాసు బోర్లించే పనే ఉండదు. మీకు అంటగట్టింది వేరే రకం.

సావిత్రి_బెజవాడ, డిసెంబరు 9
ప్లాస్టిక్ పువ్వులో వాసన వచ్చిందిగా బాబూ! ఎవరి మాట తేలినట్టు?

రిటైర్డ్_బాటనీ_మాస్టారు, డిసెంబరు 9
కుర్రాడిది. మీ కత్తెర మాత్రం బాగుందమ్మా.

మేడమీద_తోట, డిసెంబరు 10
దీన్ని ఉంచుకుంటాను, అలవాటైపోయింది. ఆదివారం ఇంకోటి కొంటాను. ఈసారి చీటీ చూడను. పువ్వున్న మొక్క దగ్గరికే పొద్దున ఆరున్నరకి వెళ్ళి ముక్కు పెట్టి చూసి మరీ తెస్తాను.

కడియం_కుర్రాడు, డిసెంబరు 10
ఆరున్నరకి నర్సరీ ఎవరూ తెరవరండి.